ఆదివారపు సాస్

ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి, ఫ్లోరెన్స్‌లోని సాన్ ఫ్రెదియానో పేటలో, ఐదు బల్లలున్న భోజనశాలలో అల్వారో ఫోర్కు కింద పెట్టాడు.

"ఇందులో మాంసం ఉంది," అన్నాడు.

పక్క బల్ల దగ్గరి జంట తినడం ఆపింది.

అక్కడ మాంసం, పాలు, గుడ్డు వాడరు. తలుపు మీద అలాగే రాసి ఉంది. వండేదీ, వడ్డించేదీ, వైన్ పోసేదీ కోస్తాంజా ఒక్కతే. కొట్టు మాత్రం అల్వారోది. అద్దెకిచ్చే ముందు అతను అందులో ముప్పై ఎనిమిదేళ్లు మాంసం అమ్మాడు. పైకప్పుకి కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు వాటికి దీపాలు వేలాడుతున్నాయి.

ఆరేళ్ల అద్దె ఒప్పందం ఆ నెలతో ముగుస్తుంది. కొత్త ఒప్పందం కాగితం అల్వారో జేబులో ఉంది. భోంచేశాక సంతకం పెడతానన్నాడు. ఆరేళ్లలో అతను అక్కడ తినడం అదే మొదటిసారి. తోడుగా అక్క యోలేని తీసుకొచ్చాడు. ఆమె అతనికంటే పదేళ్లు పెద్ద.

అనుమానం అతనికి మొదటినుంచీ ఉంది. కూరగాయలు తినడానికి జనం వారం ముందే బల్ల రిజర్వు చేసుకుంటారంటే నమ్మలేదు. పాలకి బదులు జీడిపప్పుతో చేసిన జున్ను వాసన చూశాడు. పాస్తాలో గుడ్డు పచ్చసొన రంగు ఉందేమోనని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఏమీ దొరకలేదు. పాస్తా మీది సాస్ దగ్గర ఆగాడు.

"ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ కాడలు అండీ," అంది కోస్తాంజా. "సన్నగా తరిగి, గంటసేపు వేయిస్తాను. ఎర్ర వైన్, టమాటా పోస్తాను. అంతే."

"ఎవరికి చెబుతున్నావమ్మాయ్? వాసన చూసి ఏ భాగం మాంసమో చెప్పేవాణ్ణి నేను."

"అయితే ఇది ఏ భాగమో చెప్పండి."

అల్వారో లేచి వంటగదిలోకి వెళ్లాడు. ఫ్రిజ్ తెరిచాడు. చెత్తబుట్ట మూత ఎత్తాడు. సాస్ గిన్నెలో గరిటె పెట్టి అడుగుదాకా కలిపాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"దొరికిందా?" అంది యోలే, తింటూనే.

"దాచేసింది. నేనొస్తానని ముందే తెలుసుగా."

"పొయ్యి వెనకాల ఆవుని కట్టేసిందేమో చూడకపోయావా?"

"వేళాకోళం కాదక్కా. ఇది అమ్మ ఆదివారాలు చేసిన మాంసం సాస్. నా తొమ్మిదో ఏట అమ్మ పోయింది. అయినా నా నాలుక మరిచిపోలేదు. ఆ రుచి వదల్లేకే కదా మాంసం కొట్లో పనికి చేరాను. నువ్వే చెప్పు. ఇది అమ్మ సాసా, కాదా?"

యోలే ఇంకొంచెం తిని చూసింది.

"అమ్మదే," అంది.

"విన్నావా అమ్మాయ్?"

కోస్తాంజా చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది. "అల్వారో గారూ, కొట్టు మీది. వద్దనుకుంటే ఖాళీ చేయించండి. ఈ మాట మాత్రం అనకండి. ఇది బయటికి పోతే ఈ ఊళ్లో ఎక్కడ గరిటె పట్టుకున్నా నా దగ్గర ఎవరూ తినరు."

"ఉన్నమాటే అంటున్నాను. నెలాఖరుకి ఖాళీ చెయ్యి. ఎందుకు చేయించానని ఎవరడిగినా చెబుతాను."

జేబులోంచి కాగితం తీశాడు. చింపబోయాడు. యోలే అతని మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో రొట్టె ముక్క పెట్టి పళ్లెంలో మిగిలిన సాస్ ఊడ్చుకుంది. నమిలి మింగింది.

"అమ్మ బతికున్నన్నాళ్లూ మనింట్లోకి మాంసం రాలేదురా తమ్ముడూ, నువ్వు మారాం చెయ్యకుండా తింటావని మాంసమని చెప్పేది."