మంగళవారం ఏరిన రాయి

"ఇది మీదేనండీ," అంటూ ఆవిడ చేతిసంచీలోంచి చిన్న మూట తీసి బల్ల మీద పెట్టింది.

ఇస్త్రీ చేసిన చేతిరుమాలు. విప్పితే లోపల పిడికెడంత పాలరాయి.

గుడి కాపలాదారు స్టమాటిస్‌కు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. కొండ మీది పాత గుడి చూడ్డానికి వచ్చి రాతిముక్క ఎత్తుకుపోవడం, ఇంట్లో ఏదో ఒకటి జరగ్గానే హడలిపోయి తిప్పి పంపడం ఆ దీవిలో మామూలే. ఏడాదికి నాలుగైదు పొట్లాలు పోస్టులో వస్తాయి. అతను నవ్వుకుని కిటికీలో పేర్చుకుంటాడు.

"పెట్టేసి వెళ్ళండమ్మా. దేవుడేం కేసు పెట్టడు లెండి."

ఆవిడ నవ్వలేదు, కదల్లేదు. అరవైకి దగ్గర పడిన మనిషి. నల్లబట్టలు. పేరు డోమ్నా అనీ, కవాలా నుంచి రెండు పడవలు మారి వచ్చాననీ చెప్పింది.

"ముప్ఫై రెండేళ్ళయిందన్నయ్యా. పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో వచ్చాను. మంగళవారం. పొద్దున గేటు తియ్యగానే మేమే ముందు. దారి పక్కనే కనబడింది, అప్పుడే కడిగి పెట్టినట్టు. ఆయన వద్దంటూనే ఉన్నాడు. నేనే సంచీలో వేసుకున్నాను."

"అప్పటికి నేనూ ఇక్కడే ఉన్నాను," అన్నాడు స్టమాటిస్, కాఫీ కప్పులో పోస్తూ. "ఆయన రాలేదా?"

"మూడో నెలలో చేపల వేటకి వెళ్ళాడు. పడవొక్కటే తిరిగొచ్చింది."

కాఫీ కప్పులోనూ పడింది, బల్ల మీదా పడింది.

"మా అత్త ఊరందరి ముందూ అంది, గుడిసొమ్ము తెచ్చి నా కొడుకుని మింగిందని. అందులోనూ మంగళవారం అని. నేను మారుమాట్లాడలేదు. ఏం మాట్లాడతాను, నిజమేగా. తర్వాత ఒక రొట్టెలబట్టీ ఆయన చేసుకుంటానని వచ్చాడు. మంచివాడు. అతన్ని కూడా మింగుతానేమోనని వద్దన్నాను."

"ఇన్నేళ్ళూ పోస్టులో అయినా పంపలేకపోయారా?"

"తీసిన చేతుల్తోనే తెచ్చి పెట్టాలి కదా. పడవ ఎక్కాలంటేనే ప్రాణం ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఎక్కక తప్పలేదు. నా చెల్లెలి కూతురికి నెలలు నిండాయి. దానికి తల్లి లేదు. పెద్దమ్మా, నువ్వే రావాలి, బిడ్డను ముందు నువ్వే ఎత్తుకోవాలి అంటోంది. ఈ చేతుల్తో ఎలా ఎత్తుకోను?"

స్టమాటిస్ బల్ల తుడవడం ఆపాడు. "అమ్మా, మీకొక మాట చెప్పాలి..."

"తిట్టండి, పడతాను. తప్పు చేశాను, శిక్ష అనుభవించాను. ఊరికే అనుభవించలేదన్న ఆ ఒక్క ధైర్యంతోనే ఇన్నేళ్ళూ బతికాను."

స్టమాటిస్ మూట అందుకుని, లేచి, ఆవిడను గుడి దగ్గరికి తీసుకెళ్ళాడు.

టికెట్లమ్మే అనెజో తన కిటికీలోంచి తల బయటపెట్టింది. "గుడి చుట్టూ కట్టిన తాడు దాటితే మేయర్నయినా చెడామడా తిడతావు కదా బాబాయ్, ఈవిడేమన్నా దేవుడికి చుట్టమా?"

"నువ్వు టికెట్లు చింపవే," అన్నాడు అటు చూడకుండానే.

వాముపొదల వాసనతో గాలి వీస్తోంది. కింద సముద్రం నీలంగా ఉంది. ఎండకీ ఉప్పుగాలికీ స్తంభాలన్నీ ఎప్పుడో తేనెరంగుకు తిరిగాయి. డోమ్నా మోకాళ్ళ మీద కూర్చుని రాయిని ఒక స్తంభం మొదట్లో పెట్టింది. తెల్లగా, కొట్టొచ్చినట్టు కనిపించింది.

"రోజూ కడిగేదాన్ని. అందుకే ఇలా తెల్లబడిపోయిందేమో," అంది తప్పు చేసినట్టు.

"ఎండకీ వానకీ కలిసిపోతుంది లెండి." ఆవిడ ముఖం చూడ్డానికి సిగ్గేసి అతను సముద్రం వైపు తిరిగాడు.

"దీని చోటు ఇదేనా?"

"ఇదే."

"ఈ పాతదేవుడికి నా మీద కోపం పోయినట్టేనా?"

"పోయిందమ్మా. వెళ్ళి బిడ్డను ఎత్తుకోండి."

డోమ్నా భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే అతని రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. స్టమాటిస్ నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"ఈ చేతులకి వద్దమ్మా."

ఆవిడ మధ్యాహ్నం పడవకి వెళ్ళిపోయింది. పడవ మీద నిలబడి, ఖాళీ చేతిరుమాలు కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉంది. ఆ రోజు స్టమాటిస్‌కు అన్నం సయించలేదు. ఏమైందని అనెజో రెండుసార్లు అడిగింది. ఎండ దెబ్బన్నాడు.

మర్నాడు సోమవారం, గుడికి సెలవు; జనం అసలైన గుడిరాళ్ళ జోలికి పోకుండా ఉండాలని ముప్ఫై మూడేళ్ళుగా ప్రతి సోమవారం దారి పక్కన తన చేతుల్తోనే చల్లుతూ వస్తున్న క్వారీ నుంచి తెచ్చిన పాలరాతి ముక్కల బస్తా ముందు కూర్చుని, స్టమాటిస్ దాని మూతి విప్పలేకపోయాడు.