పదిహేను మాటలు

"అంబ్రెల్లా, స్పూన్, టైగర్, క్యాండిల్... తర్వాత?"

నవనీత్ చూపు తండ్రి చేతిలోని కాగితం మీదికి పోయింది.

"కాగితం వంక కాదురా, నా మొహం వంక చూడు," అన్నాడు రాజారావు. "తర్వాత?"

"బ్రిడ్జ్."

"అదీ!"

రాజారావు మాస్టారు సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో పదిహేనేళ్ళుగా లెక్కల ట్యూషన్లు చెబుతున్నాడు. పరీక్ష అనే మాట చెవిన పడితే చాలు, ఆయనకు పూనకం వచ్చేస్తుంది. ఏ ప్రశ్నలు వస్తాయో ముందే పట్టేస్తాడని ఆ బ్లాకుల్లోని తల్లుల దగ్గర గొప్ప పేరు. "ప్రశ్న రెండుసార్లు చదవండర్రా" అని పిల్లల్ని రోజూ సాధిస్తాడు.

ఈసారి పరీక్ష ఆయన కొడుక్కే.

నవనీత్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తుండగా స్కిజోఫ్రీనియా వచ్చింది. లేని మనుషుల గొంతులు వినిపించేవి. మాత్రలతో గొంతులు తగ్గాయి. ఒళ్ళు మాత్రం తొంభై ఎనిమిది కిలోలకు పెరిగింది, షుగరొచ్చింది, మతిమరుపొచ్చింది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతాడు. తల్లి పోయి నాలుగేళ్ళు. రాజారావు గుండెలో రెండు స్టెంట్లు. తను పోతే వీడి గతేమిటి? అన్నం ముందు కూర్చున్నా ఆయనకు అదే దిగులు.

అలాంటప్పుడు తంజోంగ్ పగార్‌లో ఓ శిక్షణ కేంద్రం ఉందని తెలిసింది. ఆరు నెలలు దగ్గరుండి వ్యాయామం చేయిస్తారు. జ్ఞాపకశక్తికి తర్ఫీదు ఇస్తారు. ఆ తర్వాత ఉద్యోగంలో పెట్టి, ఎన్నేళ్ళయినా ఓ కంట కనిపెట్టి ఉంటారు. పన్నెండే సీట్లు. ముప్ఫై అయిదు నిండితే తీసుకోరు. వచ్చే నెలలోనే నవనీత్ పుట్టినరోజు.

అక్కడికి వెళ్ళిన మొదటి రోజు నర్సు చాందిని రాజారావు చేతిలో ఒక కరపత్రం పెట్టింది. వెనక వైపు ఖాళీగా ఉంది. మాస్టారికి కావలసిందీ అదే. ఆమె నమూనా పరీక్షకని పదిహేను మాటలు చదువుతుంటే, వెనక కుర్చీలో కూర్చుని పదిహేనూ దాని మీద ఎక్కించేశాడు.

నవనీత్ నాలుగు మాటలు చెప్పగలిగాడు. ఆరు నిమిషాలు నడవమంటే మూడో నిమిషంలోనే గోడ పట్టుకుని ఆగిపోయాడు.

"పర్లేదు అంకుల్, అసలు పరీక్ష మూడు వారాల తర్వాత," అంది చాందిని.

మూడు వారాలా! మాస్టారికి అది బోలెడు.

మర్నాటి నుంచే కోచింగ్ మొదలైంది. పొద్దున్నే కాలవ ఒడ్డున నడక, వెనక స్టాప్‌వాచ్‌తో మాస్టారు. సాయంత్రం మాటలు. కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాటలు తనవైపు ఉండేలా కాగితం పట్టుకుని ఒప్పజెప్పించుకునేవాడు. అయిపోగానే మాటలు పైకి కనిపించేలా ఫ్రిజ్‌కి అతికించేవాడు.

మొదట్లో నవనీత్ మొరాయించాడు.

"అన్నీ కరెక్ట్‌గా చెప్తే నన్ను బయటికి పంపేస్తారు, నాన్నా."

రాజారావు కాగితం మీంచి తలెత్తి కొడుకు వంక చూశాడు. మళ్ళీ ఆ గొంతులే! వాటితో వాదించొద్దని, మెల్లగా మాట మార్చమని డాక్టరు ఏనాడో చెప్పాడు.

"ఎవరూ పంపర్లేరా. స్పూన్ తర్వాత?"

"నిజం నాన్నా. నువ్వే చూడు..." అంటూ కాగితం వైపు వేలు చూపించాడు.

"చూస్తే కాపీ కొట్టినట్టు కాదూ? స్పూన్ తర్వాత?"

నవనీత్ వేలు దించేశాడు.

"టైగర్," అన్నాడు.

ఒకరోజు పెన్సిల్‌తో ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటే మాస్టారు లాగేసుకున్నాడు. "రాసుకోవడం కాదురా, నోటికి రావాలి." ఆ తర్వాత నవనీత్ మరి మొరాయించలేదు. చెప్పినంత దూరం నడిచాడు. అడిగినన్ని మాటలు చెప్పాడు.

పరీక్ష రోజు గది గుమ్మంలో ఆగాడు.

"అన్నీ చెప్పాలా, నాన్నా?"

"అన్నీ చెప్పాలి. నా మీద ఒట్టు."

మాస్టారు పట్టినట్టే అవే మాటలు వచ్చాయి. పదిహేనుకి పదిహేను! ఆరు నిమిషాలూ ఎక్కడా ఆగకుండా నడిచాడు. చాందిని తెల్లబోయి ఆయన వంక చూసింది. ఆయన కాలరెగరేయలేదంతే.

ఆ రోజు షుగరునీ లెక్కచేయకుండా కొడుక్కి జిలేబీ కొన్నాడు రాజారావు. నవనీత్ ముట్టలేదు. రైల్లో తండ్రి చెయ్యి పట్టుకుని, "సారీ నాన్నా," అన్నాడు.

"సారీ ఎందుకురా, పిచ్చి..." అనబోయి నాలుక్కరుచుకున్నాడు ఆయన. కళ్ళు తుడుచుకుని నవ్వాడు. భార్య పోయాక ఆయన అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

వారానికి ఉత్తరం వచ్చింది. మాస్టారు అలవాటు కొద్దీ రెండుసార్లు చదివాడు. అభినందనలు అని ఉంది. సీటు ఇవ్వలేకపోతున్నామని ఉంది. పన్నెండు సీట్లూ నిండిపోయాయని, కారణానికి కరపత్రంలో నాలుగో నిబంధన చూడమని ఉంది.

రాజారావు ఫ్రిజ్ మీద కాగితం తీశాడు. చేతికి వచ్చిన ఇన్నాళ్ళలో మొదటిసారి దాన్ని ఇటు తిప్పాడు.

"అతి తక్కువ మార్కులు వచ్చిన పన్నెండు మందికి మాత్రమే ప్రవేశం" అన్న వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది, ఆ పక్కనే నవనీత్ వంకర రాతలో, "నాన్నా, ఇది రెండుసార్లు చదువు" అని ఉంది.