ఉడుంపట్టు

"ఇంకొక్కసారి వెళ్ళి అడగండి," అంది భార్య.

అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ అయిన భర్త అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. రెండు రోజులుగా అతనికి నిద్ర లేదు.

ఆ పాత భవనంలోని ఇళ్ళన్నీ కలిపి బిల్డరుకు అమ్మాలని అందరూ తీర్మానించారు. ఒక్కరు కాదన్నా బేరం చెడుతుంది. ఆ ఒక్కరూ కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన. అందరూ ఆయనకు 'ఉడుంపట్టు' అని పేరు పెట్టేశారు.

సెక్రటరీ కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టేశాడు. గడువు దాటితే అది నీళ్ళపాలే.

మెట్ల గోడ పొడవునా నడుమెత్తున నల్లటి జిడ్డు చార. దాన్ని చూస్తేనే అతనికి ఒళ్ళు మండుతుంది.

"ఈ కొంపనా వదల్లేకపోతున్నాడు!" అని గొణుక్కుంటూ దిగాడు.

పెద్దాయన తలుపు తీశాడు.

"ఎంత ఎక్కువ కావాలో చెప్పండి. దాపరికం ఎందుకు?"

"ఎక్కువేం వద్దు బాబూ. ఇక్కడ అలవాటైన ప్రాణం."

"ఒక్కరి అలవాటు కోసం ఇంతమందిమి ఆగాలా?"

"ఒక్కరి కోసమే," అన్నాడు పెద్దాయన, తలుపు వేయకుండా.

ఆనాటి నుంచి ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. ఎవరో ఆయన తాళంలో జిగురు పోశారు. ఎవరో గుమ్మంలో చెత్త కుమ్మరించారు. వాళ్ళెవరో సెక్రటరీకి తెలుసు. ఊరుకున్నాడు.

ఇంట్లో సెక్రటరీ తల్లి దేవుడి ముందు చేతులు జోడించింది. "స్వామీ, ఆ కింది ఆయన్ని చల్లగా చూడు."

"మన నోట్లో మట్టి కొట్టేవాడికి మొక్కుతావేంటమ్మా?"

"ఎవరో ఒకరు మొక్కాలిగా నాన్నా."

గడువు దగ్గర పడిన రోజు, ఆవరణలో నలుగురి ముందూ సెక్రటరీ నోరు జారాడు.

"పెళ్ళాం బిడ్డలు లేని మోడుకి సంసారుల బాధ ఏం తెలుస్తుంది!"

పెద్దాయన తన వాటాలోకి వెళ్ళిపోయాడు. రోజూలాగే అరుగు మీద ఎండకు కూర్చున్న తల్లి తల వంచుకుంది.

మర్నాడు ఆయనే వచ్చి సంతకం పెట్టాడు. ఏమీ అడగలేదు.

"చూశావా అమ్మా, నాలుగు దులిపితే గానీ దారికి రాలేదు!"



కొత్త ఇల్లు అద్దంలా ఉంది. తల్లి మాత్రం కుర్చీ దిగలేదు.

"బాల్కనీలోకి రండత్తయ్యా, గాలి బాగుంది," అంది కోడలు.

"తర్వాత వస్తానమ్మా."

"అలిగింది. నాలుగు రోజులు పోతే తనే లేస్తుంది," అన్నాడు సెక్రటరీ.

పాత ఇంటి తాళాలు అప్పగించడానికి వెళ్తే, కూలీలు కిటికీలు ఊడదీస్తున్నారు. గేటు దగ్గర సంచితో పెద్దాయన.

"అమ్మగారు బాగున్నారా?"

"కుర్చీ దిగట్లేదు."

"కుర్చీ నుంచి వాకిలి దాకా ఒక తాడు కట్టు బాబూ. చేతికి దారి తెలిసేదాకా."

"తాడెందుకు?"

పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు. "ఇంకా చెప్పలేదా... ఆవిణ్ణే అడుగు," అని ఆటో ఎక్కేశాడు.

సెక్రటరీ మెట్లెక్కాడు. గోడమీది జిడ్డు చార వెంటే కళ్ళు నడిచాయి. అది అతని గుమ్మం దగ్గరే ఆగింది.

వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం నుంచి మెట్లు దిగి, ఆవరణలో అరుగు దాకా, ఒక అరచేయి వెడల్పున అదే చార.

ఇంటికి పరుగెత్తాడు. తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, చూపు పోయి ఎన్నాళ్ళయింది?"

తల్లి ముఖం మాట వచ్చిన వైపు తిరిగింది. కాస్త పక్కకు.

"ఆయన చెప్పాడా?"

"లేదు. గోడ చెప్పింది."

ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని తల మీద ఆగింది.

"నువ్వన్న మాటలు విని, ఇక పడింది చాలు, సంతకం పెట్టేయండని ఆయనతో నేనే అన్నాను. నీకు వద్దని చెప్పే ధైర్యం లేక, నా బదులు మీరు వద్దనండని ఆయన్ని బతిమాలిందీ నేనే నాన్నా."