కొత్త చలిమంట

థాంక్స్‌గివింగ్ విందుకని తమ్ముడింటికి వచ్చిన లొరేన్, హాల్లో అడుగు పెట్టగానే మొహం చిట్లించింది. ఎర్ర ఇటుకల చలిమంట గూడు మాయమైంది. దాని చోట తెల్లరాతి పలకల గోడ, గోడకు పెద్ద టీవీ, కింద అద్దం వెనక కరెంటు మంట.

"ఇదేం కొంపరా? పళ్ళ డాక్టరు వెయిటింగ్ రూములా ఉంది!"

"ఆ పాత ఇటుకలు ఇంకా ఎవరు ఉంచుకుంటున్నారక్కా?" అన్నాడు కర్టిస్, రిమోట్ నొక్కి మంట పెంచుతూ.

"చిటపటలు లేవు, కట్టె వాసన లేదు. ఇదొక మంట! అది సరే, గూటి మీది చెక్క ఏది?"

"పీకించేశా."

"మరి నాన్నేడీ?"

ఆ చెక్క మీదే, ఇత్తడి కలశంలో, వాళ్ళ నాన్న చితాభస్మం ఉండేది.

"గరాజ్‌లో. రంగు డబ్బాల పక్కన."

"కన్నతండ్రిని తీసుకెళ్ళి డబ్బాల పక్కన పడేశావా! నువ్వసలు మనిషివేనా?" అని విరుచుకుపడింది లొరేన్.

"పోనీ నువ్వు తీసుకెళ్ళు. ఇప్పుడే నీ కార్లో పెట్టేస్తా," అంటూ కర్టిస్ గరాజ్ వైపు నడిచాడు.

లొరేన్ గబుక్కున సోఫాలో కూర్చుంది.

"ఇప్పుడేం కంగారురా, ఇలా రా. ఆ రిమోటిటు ఇవ్వు," అంది. "మంట నీలంగా కూడా వస్తుందా?"