గొర్రెల వంతు

"ఇవాళ గొర్రెల వంతు ఎవరిది?"

బడిలోకి వస్తూనే కొత్తాయన అడిగిన మొదటి మాట అది.

కొత్తవాళ్ళ నుదుటికి బొప్పి కట్టించందే లోపలికి రానివ్వని గుమ్మం అది. ఆయన మాత్రం ముందే తల వంచాడు.

హెడ్మాస్టరు సాదిర్ నవ్వాడు. "మీరు పిల్లల చదువుల మీద పరిశోధనకు వచ్చారా, పొట్టేళ్ళ బేరానికి వచ్చారా మాస్టారూ?"

ఆయనా నవ్వాడు గాని, జవాబు కోసం అలాగే నిలబడ్డాడు.

"మా ఇంటిదేనండీ," అంది రెండో తరగతి టీచరు బురుల్‌కాన్. "మా అమ్మ తోలుకెళ్ళింది."

అమ్మ ఒక్కతే వెళ్ళలేదు. బురుల్‌కాన్ కూతురు, ఎనిమిదేళ్ళ బేగాయిమ్, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఊరందరి గొర్రెలనూ ఇంటికో రోజు వంతున కొండకు తోలతారు. నిజానికి ఆ రోజు వంతు పక్కింటివాళ్ళది. బురుల్‌కాన్ అడిగి మరీ పుచ్చుకుంది.

బేగాయిమ్‌కు లెక్కలు నోటికొచ్చు. పాట ఒక్కసారి వింటే పట్టేస్తుంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలకు కాళ్ళొచ్చి తలోదిక్కూ పోతాయి. అలాంటి పిల్లల్ని పట్నంలో మందబుద్ధుల హాస్టలుకు పంపేస్తారని ఊళ్ళో అందరికీ భయం.

మందబుద్ధి అనిపించుకోవడం కన్నా మంద వెంట పోవడం నయం. ముప్పై ఏళ్ళు అదే గదిలో పాఠాలు చెప్పి రిటైరైన అమ్మ, పోయినేడాది తనిఖీ అప్పుడు ఇచ్చిన సలహా అది.

హెడ్మాస్టరు 'పరిశోధన' అంటూ ఊరంతా చెప్పుకున్నాడు గాని, బురుల్‌కాన్‌కు మాత్రం అది శోధనే.

పిల్లలు ఒక్కొక్కరే లేచి చదివారు. ఆయన అందరిదీ విన్నాడు. అందరినీ మెచ్చుకున్నాడు. ఏమీ రాసుకోలేదు.

"చదవలేనివాళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు చివరికి.

"అక్షరం ముక్క రానివాళ్ళు మా బడిలో లేరు మాస్టారూ," అన్నాడు సాదిర్. "ముక్క లేని భోజనం మా ఇంట్లో లేనట్టే."

"నాకు కావలసింది వాళ్ళే."

ఎందుకని అడుగుదామనుకుంది బురుల్‌కాన్. అడిగితే ఉన్నారని ఒప్పుకున్నట్టవుతుంది.

మధ్యాహ్నం టీ బురుల్‌కాన్ ఇంట్లోనే. వేయించిన పిండి బిళ్ళలు, వెన్న, టీ నీళ్ళు మరుగుతున్న సమోవారు.

ఆవిరి కిటికీ అద్దానికి పట్టింది. పట్టేసరికి, ఎప్పుడో చిన్నవేలితో రాసిన అక్షరాలు తేలాయి. 'బేగాయిమ్'. ఒక అక్షరం తిరగబడి, ఒకటి తలకిందులుగా.

ఆయన ఆ అద్దం వంక చాలాసేపు చూశాడు.

బురుల్‌కాన్ లేచి చేతిగుడ్డతో తుడిచేసింది. "పిల్ల ఆటలు."

"అమ్మాయి ఏదీ?"

"వాళ్ళ మేనత్త ఊరెళ్ళింది."

ఆయన ఒళ్ళో ఒక సంచి ఉంది. దాని ముడి మీద చెయ్యి వేసి, తియ్యకుండానే అన్నాడు. "రేపటిదాకా ఉంటాను, మీకు అభ్యంతరం లేకపోతే."

"మబ్బు పట్టింది మాస్టారూ. మంచు కురిస్తే కనుమ మూసుకుపోతుంది. చిక్కుకుపోతారు," అంది బురుల్‌కాన్.

ఆయన తలూపాడు. గిన్నె అడుగున మిగిలిన టీ తాగాడు.

లారీ ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "మీ అమ్మగారికి సలాం చెప్పండి. సోల్తోన్‌కుల్ అడిగాడని చెప్పండి."

"అలాగేనండీ."

చెప్పలేదు. సలాం చెబితే ఎవరు, ఏమిటి, ఎందుకు అని మళ్ళీ పిల్ల చదువు మాటలన్నీ వస్తాయి.

ఆ రాత్రే మంచు పడింది. కనుమ మూసుకుంది.

వసంతంలో దారి తెరిచాక సాదిర్ పట్నంలో మీటింగుకు వెళ్ళొచ్చాడు. బడి మెట్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ మాటల్ని గిరగిరా తిప్పే మనిషి, టోపీ తిప్పుతున్నాడు.

"మంచుకు ముందు వచ్చాడే, ఆ పరిశోధన మాస్టారు. మన దగ్గరికి రాకముందు పక్క లోయ బడిలో ఉన్నాట్ట. అక్కడ ఇద్దరు పిల్లలకు బొత్తిగా చదువు రాదు. ఈయన సంచిలోంచి ఉన్నితాళ్ళు తీసి అక్షరాలు కట్టి, కళ్ళు మూయించి, వేళ్ళతో తడిమించేవాట్ట. ఇప్పుడు వాళ్ళు చదువుతున్నారు. హాస్టలూ లేదు, గీస్టలూ లేదు. ఎక్కడికీ పంపలేదు."

బురుల్‌కాన్ సాదిర్ పక్కనే కూర్చుంది.

"మా బేగాయిమ్‌కు చదవడం రాదు," అంది. ఆ మాట ఆమె నోట బయటికి రావడం అదే మొదలు.

"తెలుసమ్మా."

"ఆయన్ని ఒక్కసారి పిలిపించండి."

సాదిర్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "చలికాలంలో పోయాట్ట. గుండె. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకొకరు లేరట."

ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. గంట కొట్టారు. లోపలికెళ్ళి పాఠం చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చింది.

అమ్మా, బేగాయిమూ నేల మీద ఉన్ని విడదీస్తున్నారు.

"అమ్మా, ఒకాయన నీకు సలాం చెప్పమన్నాడు."

"ఎవరే?"

"సోల్తోన్‌కుల్ అట. మంచు పడకముందు వచ్చాడు."

ఉన్నిలో అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇప్పుడా చెప్పడం?"

అమ్మ మనవరాలి వంక చూసింది. తర్వాత కిటికీ వంక చూసి, ఎవరికీ కాక ఉన్నికి చెబుతున్నట్టు అంది.

"నా క్లాసులోనే ఉండేవాడు, అక్షరం నిలిచేది కాదు వాడికి. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చాలు, వంతు ఎవరిదైనా సరే, గొర్రెల వెంట వాణ్ణే పంపించేదాన్ని."