చెరువుకు మొక్కిన పసుపు

పార్కు తెరిచిన నాటి నుంచి మాణిక్యాంబకు ఒకటే అనుమానం. కంచె అవతల మెరిసేవి నీళ్లేనా? మండువేసవిలోనూ చెరువు జానెడు తగ్గదు. బాతులు ఎప్పుడూ ఒకే దారిన ఈదుతాయి. ఒడ్డున కూర్చుంటే చల్లగాలి వస్తుంది గాని బురద వాసన రాదు.

పార్కు రాకముందు, చిన్నకూతురి జ్వరం తగ్గితే ఈ చెరువు గంగమ్మకు పసుపు కుంకుమలు ఇస్తానని ఆమె మొక్కుకుంది. ఆ కూతురికే ఇప్పుడు పిల్లలు.

"వేసెయ్యవే. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా చెరువులు ఇలాగే ఉన్నాయి. గంగమ్మ సర్దుకుంటుందిలే," అన్నాడు భర్త పరంధామయ్య, బెంచీ మీద పల్లీలు ఒలుచుకుంటూ.

"మీకేం, మొక్కింది నేను. నీళ్లు లేనిచోట వేసి, ఇచ్చానని ఆ తల్లికెలా చెప్పనండీ?"

ఇవాళ తేల్చుకోవాలని కంచె మీదుగా చిటికెడు పసుపు విసిరింది. బుడుంగుమంది.

"చిటికెడు పసుపుకి బిందె పడ్డంత చప్పుడే!" పరంధామయ్య నవ్వాడు.

అలలు కూడా లేచాయి. పసుపు మాత్రం పొడిపొడిగా అక్కడే ఉంది. అలలు దాని కిందనుంచి సాగిపోయాయి.

"చూశారా!" అందామె.

అంతలో తుడిచే యంత్రం, చెరువు బొమ్మ ఆడుతున్న ఆ మెరిసే గాజునేల మీద పాక్కుంటూ వచ్చి, పసుపు మీద నీళ్లు చిమ్మింది. పచ్చటి నీళ్లు కంచె కిందనుంచి మాణిక్యాంబ కాళ్ల దాకా పారాయి. ఆమె అనుమానంగా వంగి వేలితో తాకింది. తడి తగిలింది. వాసన కూడా చూసింది.

యంత్రం తుడవడానికి వెనక్కి తిరిగేలోగా, మిగిలిన పసుపూ కుంకుమా ఆ నీళ్లలో వదిలింది.

"ఆలస్యమైంది తల్లీ," అని తడివేలు కళ్లకద్దుకుంది.