కడాపటి ఇల్లు

తెల్లవారి నుంచి ట్యాంకరు దగ్గర కాచుకుని బిందెతో వచ్చిన గంగక్క వాకిట్లోనే ఆగిపోయింది.

ఎవరో ముసలాయన ఆమె ఇంటి గోడకు తాడు పట్టి కొలుస్తున్నాడు. తాడుకు మూరకొక ముడి.

"ఏమప్పా, ఎవరి గోడ అది?"

"మీదేనమ్మా. పదకొండు మూరలు."

"నా గోడ ఎంతో నాకు తెల్సులే. నిన్నెవరు కొలవమన్నారు?"

ఆయన జవాబు చెప్పేలోగా మిగతా ఆడవాళ్ళు బిందెలతో వచ్చేశారు.

బుక్కరాయసముద్రం చెరువుకు పైన, బండ మీద నలభై ఇండ్ల కాలనీ అది. టౌన్‌కు గీసిన కొత్త ప్లానులో ఆ ఇండ్లు లేవు. ఖాళీ బండ అని రాసి, దాని మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారు.

ఇండ్లు ఉన్నాయని సోమవారం సాయంత్రంలోగా చూపించుకోవాలి. ఇంటింటి కొలతలతో, పేర్లతో మ్యాపు ఇవ్వాలి. లేకపోతే రోడ్డే ఖాయం.

టౌన్‌లో ఇండ్ల సంఘం నడిపే జయంతి ధైర్యం చెప్పింది. "సుంకప్ప సారును పంపిస్తా అక్కా. ఆయన గీసిన మ్యాపులతో మూడు కాలనీలు నిలబడినాయి. శుక్రవారం వస్తాడు."

ఈ రోజే శుక్రవారం. సారు కోసం కుర్చీ అడిగి తెచ్చి కడిగి పెట్టారు. టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తెచ్చి ఉంచారు.

ఇంతలో వీడెవడు?

గంగక్క బిందె దించి దగ్గరికి పోయింది. ముసలాయన ఎడమ చెంప మీద రూపాయంత నల్ల మచ్చ.

పన్నెండేండ్లయినా ఆ మచ్చ ఆమె మరిచిపోలేదు.

"రైలు కట్ట కింద మా గుడిసెలకు ఎర్ర రంగు పూసింది నువ్వే కదా?"

ముసలాయన తాడు చుట్టడం ఆపాడు.

"నేనేనమ్మా."

"మరుసటి దినమే జేసీబీ వచ్చె. మా నాయన నీ కాళ్ళు పట్టుకున్నాడు. జ్ఞాపకం ఉండాదా?"

"ఉండాదమ్మా. అందుకే..."

"ఇంకేం చెప్తావులే."

సుబ్బరత్నమ్మ ముందుకొచ్చింది. "ఈసారి రంగు డబ్బా మరిచిపోయి తాడు తెచ్చినాడే. ఎవరికి ఉరేసేదానికప్పా?"

ఎవరో ఆయన సంచి లాక్కున్నారు. నిండా కాగితాలు. గడులు, గడుల పక్కన అంకెలు.

"చూడక్కా, మనం నీళ్ళకు పోయింది చూసి అన్ని ఇండ్లూ కొలుచుకున్నాడు. కూలగొట్టేదానికి."

"ఆ కాగితాలు మాత్రం ఇయ్యండమ్మా. ఇదొక్కటే కడాపటి ఇల్లు."

గంగక్క కాగితాలన్నీ మడిచి చంకలో పెట్టుకుంది.

ఆయన మొహాన చెమట తుడుచుకున్నాడు.

"ఒక చెంబు నీళ్ళన్నా ఇయ్యమ్మా. పోతా."

ఆ కాలనీలో ఎవరూ ఎవరికీ నీళ్ళు లేవని చెప్పినది లేదు.

"లేవు," అంది గంగక్క.

ముడుల తాడు భుజాన వేసుకుని ఆయన బండ దిగిపోయాడు. ఎండకు బండ కాలుతూ ఉంది.

"సారు వచ్చే వేళాయె. టీ పెట్టండి," అంది గంగక్క.

కంప అంటుకోక పొగ వస్తుంటే, చంకలో కాగితాలు తీసి పొయ్యిలో పెట్టింది. మంట భగ్గున లేచింది.

టీ మూడుసార్లు కాగింది. సారు రాలేదు.

శని, ఆదివారాలు కూడా రాలేదు. జయంతి ఫోన్ ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే గంగక్క టౌన్‌కు పోయింది. సంఘం గదిలో జయంతి ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమ్మా, ఇట్ల చేసినారు. మీ సారు రానే లేదు."

"సారు నిన్న పోయినాడు అక్కా. ఎండదెబ్బ."

చూడని మనిషే అయినా గంగక్క కళ్ళు తుడుచుకుంది.

"అయితే మా ఇండ్లు..."

"మీ మ్యాపు ఉండాదక్కా. ఆస్పత్రి మంచం మీద గీసినాడు. కాగితాలు యాడనో పోయినాయంట. కొలతలన్నీ జ్ఞాపకం మీదనే వేసినాడు. పెన్సిలు లాక్కోబోయినా ఇయ్యలేదు."

"మా కాలనీకి రాకుండానే ఎట్ల కొలిచినాడమ్మా?"

"అదేమో తెలీదక్కా. నేను అడిగేలోగానే..." జయంతి పెద్ద కాగితం బల్ల మీద పరిచింది. "టైం లేదు. పేర్లు చెప్పు, రాస్తా."

గంగక్క చెప్పింది. లక్ష్మీదేవి. ఓబులేసు. సుబ్బరత్నమ్మ. తిప్పన్న. ఇంటి పక్కన ఇల్లు, వీధి పక్కన వీధి, ఏదీ తప్పిపోలేదు.

ముప్పైతొమ్మిది పేర్లు అయినాయి.

జయంతి పెన్ను ఆపి, కాగితం అంచున ఉన్న ఒక్క గీతను చూపించింది.

"ఈ కడాపటి ఇల్లు ఎవరిదక్కా? సారు ఒక్క గోడే గీసి, పదకొండు మూరలని రాసి పెట్టినాడు."